టర్న్

న్యూనమ్ గట్టు మీద చివరి ఇల్లు.
కిటికీ కింద సెవర్న్ నది
బురద రంగులో, ఎటు పోవాలో ఇంకా తేల్చుకోనట్టు.
ఏజెన్సీ వాళ్ళిచ్చిన కాగితం మీద
నా ఉద్యోగమంతా ఒక్క వాక్యం:
రెండు గంటలకోసారి ఆమెను టర్న్ చెయ్యాలి.

ఆమె పేరు నెస్టా ప్రాసర్.
ఎడమ పక్క నుంచి కుడి పక్కకి,
కుడి నుంచి మళ్ళీ ఎడమకి,
వీపున పుండు పడకుండా
మోకాళ్ళ మధ్య దిండు మడిచి పెట్టి.
పెనం మీద అట్టు తిప్పినట్టు కాదు,
నిద్రపోతున్న పసివాడి గుప్పిట్లోంచి
బొమ్మ తీసుకున్నట్టు.

అప్పటికి నాకా మాటకి ఒక్కటే అర్థం తెలుసు:
బస్సు మూల తిరగడం.

మొదటి రోజు తెల్లవారుజామున
ఆమె భర్త హ్యూబర్ట్ పాలసీసా వాసన చూసి
ముక్కు చిట్లించాడు. 'టర్న్ అయ్యాయి.'
మా ఇంట్లో పాలు విరిగేవి.
విరగడంలో ఒక చప్పుడుంటుంది, ఒక నేరం ఉంటుంది,
గిన్నె ఎవరు కడిగారు, నిమ్మచెక్క ఎవరు పెట్టారు అని.
ఇక్కడి పాలు ఊరికే అటు తిరిగి పడుకుంటాయి.
ఎవర్నీ ఏమీ అనలేం.

ఆయన వడ్రంగి అనుకున్నాను.
'కాదు, టర్నర్ని' అని సరిదిద్ది
షెడ్డులో లేత్ చూపించాడు.
నలభై ఏళ్ళ కుర్చీకాళ్ళు, గిన్నెలు, ఒక చర్చికి కొవ్వొత్తి స్తంభాలు.
'తిరిగేది కర్ర. నీ ఉలి కాదు.
నువ్వు వణక్కుండా అక్కడ ఉండాలి, అంతే.'
చెర్రీ మొద్దు తిరిగి తిరిగి
మధ్యలో ఖాళీ సంపాదించుకుంది.
నా చెప్పుల నిండా పొట్టు.

నెస్టాకి ఏమైందని అడిగితే
'మార్చిలో ఒక ఫన్నీ టర్న్ వచ్చింది' అన్నాడు.
అందులో నవ్వడానికి ఏముందో తెలియక
నవ్వకుండా నిలబడ్డాను.
బంగాళాదుంపల చెక్కు తీస్తూ, కత్తి చేతిలో ఉండగానే,
కళ్ళు తిరిగాయట.
ఆఁ, ఇది మాకూ ఉంది అన్నాను,
మా కళ్ళూ తిరుగుతాయి.
ఎక్కడో దూరపు చుట్టరికం బయటపడ్డట్టు
ఇద్దరం ఇంకో కప్పు టీ తాగాం.
తిరిగిన ఆ కళ్ళు మళ్ళీ ఇటు తిరగలేదు.
అది మేం మాట్లాడుకోలేదు.

అక్టోబర్‌లో ఎదురు కొండ మీద ఆకులు టర్న్ అయ్యాయి.
అదే వారం ఆమె ఎనభైకి టర్న్ అయింది.
వయసు మాకు నిండుతుంది, కుండలాగా.
వీళ్ళకి మలుపులాగా వస్తుంది,
అవతల లారీ ఉందో లేదో కనపడకుండా.
జిల్లా నర్సు మోర్వెన్ నిలబడే ఒక కేకు ముక్క తింది.
మిగిలింది నాలుగు రోజులు నేనే తిన్నాను.

తమ్ముడు తన మీదికే టర్న్ అయ్యాడని
ఒకసారి అని, ఎందుకో చెప్పకుండా
షెడ్డు తలుపు మూసుకున్నాడు హ్యూబర్ట్.
ఆ అర్థం లోపలే ఉండిపోయింది.

పున్నమి దాటిన రెండో రాత్రి, తొమ్మిది గంటల వేళ,
'రా, టైడ్ టర్న్ అవుతోంది' అని కేకేశాడు.
నేను వెళ్ళలేకపోయాను.
నా చేతులు నెస్టా నడుం కింద ఉన్నాయి.
అక్కణ్ణుంచే చూశాను:
సముద్రానికి పోతున్న నది ఒక్క క్షణం ఆగింది,
దూరంగా తెల్లటి గీత,
తర్వాత నీళ్ళకి నీళ్ళు ఎదురెక్కి
వచ్చిన దారినే వెనక్కి, ఊరిలోకి.
ఆమెను ఇటు తిప్పాను.
ఆమె బరువు నా మీదికి వచ్చింది,
నా బరువు మంచం పట్టె మీదికి.
నది పోతూనే ఉంది వెనక్కి.

మంచం పక్క బల్ల మీద పేకముక్కలు,
దుమ్ము పట్టి, సగం ఆటలో.
తుడుద్దామని గుడ్డ తెచ్చాను.
ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.
'ముట్టుకోకు. ఇప్పుడు ఆమె టర్న్.'

ఈ అర్థం నాకు ఎప్పట్నుంచో తెలుసు,
చిన్నప్పుడు అష్టాచెమ్మా దగ్గరే నేర్చుకున్నది.
గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను.

గడియారంలో పదకొండు.
దిండు సర్ది, ఆమె చెవి దగ్గర వంగి,
కుడి పక్కకి వెళ్దామా నెస్టా అన్నాను,
పొరపాటున తెలుగులో.